ఎర్ర వైరు, నల్ల వైరు

సంపాదకులకు నమస్కారం.

మా వాడి రిమోట్ కారుకు 7.4 వోల్టుల కొత్త లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ తెప్పించాను, కనెక్టర్ కారుకు సరిపోకపోయేసరికి దాన్ని కోసి, సరిపోయేది నేనే సోల్డరింగ్ చేశాను, కానీ ప్లస్సూ మైనస్సూ తారుమారు చేశానని గమనించలేదు. హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో బ్యాటరీ పెట్టీ పెట్టగానే కారులోని స్పీడ్ కంట్రోలర్, అంటే మోటార్ వేగాన్ని అదుపు చేసే బోర్డు, టప్ మని పేలింది, పొగ! స్విచ్ ఇంకా వేయనే లేదు.

స్విచ్ ఆఫ్‌లో ఉన్నా లాభం లేదట. చాలా స్పీడ్ కంట్రోలర్లలో అది రిసీవర్‌కు (రిమోట్ సిగ్నల్ అందుకునే భాగానికి) వెళ్లే కరెంటునే ఆపుతుంది, బ్యాటరీ వైర్లు మాత్రం నేరుగా బోర్డుకే కలిసి ఉంటాయి. అందులోని మాస్‌ఫెట్లలో (కరెంటును ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్‌లలో) పుట్టుకతోనే కరెంటును ఒకవైపే పోనిచ్చే ఒక డయోడ్ ఉంటుంది, బ్యాటరీ తిరగబడితే దాని గుండా కరెంటు ఒక్కసారిగా పారి షార్ట్ అవుతుంది, పక్కనున్న కెపాసిటర్ కూడా పగులుతుంది. మోటార్ బతికింది, అదే సంతోషం. మా వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

కారుకు పెట్టేముందు మల్టీమీటర్ ఎర్ర తీగ కనెక్టర్ ప్లస్ వైపుకు, నల్ల తీగ మైనస్ వైపుకు పెట్టి చూసుంటే అంకె ముందు మైనస్ గుర్తు కనిపించేది, పది సెకన్ల పని. ఇలాంటి వస్తువులు అమ్మే దుకాణాలవాళ్లు డబ్బా మీద ఈ ఒక్క ముక్క తెలుగులో అచ్చు వేస్తే ఏం పోతుంది? వారంటీ వర్తించదని మాత్రం చక్కగా రాస్తారు.

– ఒక తండ్రి, హన్మకొండ