చిక్కడపల్లిలో మన వాటా

చిక్కడపల్లి,
హైదరాబాద్.

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. అమ్మాయిని గ్రూప్స్ పరీక్షల కోసం అశోక్‌నగర్‌లో ఉంచాలనుకుంటున్నావనీ, దాని పక్కనే మనం బ్రహ్మచారులుగా కలిసి ఉన్న చిక్కడపల్లి ఇప్పుడెలా ఉందో చెప్పమనీ రాశావు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కనుక తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఇన్నేళ్లుగా ఇక్కడే ఉండి నేను గ్రహించినది ఒకటే. మన పేట అద్దెకు ఉండేవాళ్లు నిలబెట్టిన పేట. పక్కనే ఉన్న హిమాయత్‌నగర్‌కు ఏడో నిజాం పెద్ద కుమారుడు హిమాయత్ అలీ ఖాన్ పేరు పెట్టారు. చిక్కడపల్లికి మాత్రం ఏ నవాబు పేరూ అంటలేదు. నగరం నడిబొడ్డుకు వచ్చినా పేరులో పల్లెను వదులుకోలేదు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని కర్నూలు నుంచి ఇక్కడికి మారినప్పుడు, కార్యాలయాలతో పాటు తరలివచ్చిన ఉద్యోగులు సచివాలయానికి సైకిలు మీద వెళ్లగలిగినంత దూరంలో ఇళ్లు వెతుక్కుంటూ ఈ చుట్టుపక్కల పేటలకు చేరారు. ఇంటివాళ్లు వసారాలకు తలుపులు బిగించి, మిద్దె మీద గది లేపి, ఒక్క ఇంటిని మూడు నాలుగు వాటాలు చేశారు.

మనం ఉన్నది అలాంటి వాటాలోనే కదా. నాలుగు అడుగులు వేస్తే గోడ తగిలే ఆ గది, ఎండాకాలంలో నీళ్లు చల్లుకుని పడుకున్న షాబాద్ బండలు, తెల్లవారుజామున మంజీరా నీళ్లు వచ్చే ఒక్కగానొక్క కుళాయి దగ్గర నాలుగు వాటాలవాళ్ల బిందెలు, అన్నీ కళ్లకు కట్టినట్టు ఉన్నాయి. మనకు జ్వరం వస్తే ఇంటావిడ చారన్నం పంపేవారు. మొదటి తారీఖు దాటితే అంతే నిక్కచ్చిగా అద్దె అడిగేవారు. ఆ రెండూ ఒకే మనిషిలో ఉండడం వల్లనే ఊరుగాని ఊరిలో మనం నిలదొక్కుకోగలిగామని ఇప్పటికీ నమ్ముతాను.

అమ్మాయికి గది చూసేటప్పుడు ఒక విషయం మరువవద్దు. 1562 ప్రాంతంలో కుతుబ్‌షాహీలు తవ్వించిన హుస్సేన్‌సాగర్ నిండినప్పుడు, మిగులు నీరు అశోక్‌నగర్, నల్లకుంట, అంబర్‌పేటల మీదుగా నాలాలో పారి మూసీలో కలుస్తుంది. ఒడ్డున ఇళ్లు పెరిగి నాలా ఇరుకైపోయింది. నువ్వు బదిలీ మీద వెళ్లిపోయిన తర్వాత, 2000 ఆగస్టు 24న, నగరంలో ఒక్క రోజులో 241 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఆ రాత్రి మా ఇంట్లో మోకాలి లోతు నీళ్లలో నిలబడి, నా పుస్తకాల పెట్టెను అటక మీదికి ఎక్కించాను. గోడ మీద ఆ నీటి చార రెండుసార్లు సున్నం వేసినా మళ్లీ పైకి తేలింది. కాబట్టి నాలా వైపు సందుల్లో కింది అంతస్తు గది ఎంత చవకగా దొరికినా తీసుకోవద్దు.

మన పెంకుటిల్లు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో అయిదంతస్తుల హాస్టల్ లేచింది. 2020 ఫిబ్రవరిలో మొదలైన మెట్రో రైలు మార్గం మన మెయిన్ రోడ్డు మీదుగానే పోతుంది. త్యాగరాయ గానసభలో సాయంత్రాలు ఇప్పటికీ సభలు జరుగుతున్నాయి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్, దేవి, సంధ్య థియేటర్ల దగ్గర కొత్త సినిమా విడుదలైన రోజున ఆ పాత సందడే కనిపిస్తుంది.

అయితే పేట మారిన తీరు తెలియాలంటే నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లాలి. నీ ఉత్తరం చదివిన మర్నాడే వెళ్లాను. తలుపులు తెరవకముందే గేటు దగ్గర సంచులు వరుసకట్టి ఉన్నాయి. ఎవరి సంచి ముందుంటే వారికి లోపల ఫ్యాను కింద చోటు. అక్కడి నుంచి వెళ్లి ఒక స్టడీ హాల్ చూశాను. ప్లైవుడ్ పలకలతో వేరుచేసిన అరల్లో ఒక్కొక్క బల్ల, ఒక్కొక్క దీపం ఉన్నాయి. ఒక అమ్మాయి తన ఎదుటి పలక మీద పసుపు చీటీలు అంటించుకుంది. ఒకదాని మీద ‘పెద్దమనుషుల ఒప్పందం, 1956 ఫిబ్రవరి 20’ అనీ, దాని కిందే ‘నవంబరు 1’ అనీ గుండ్రని అక్షరాలతో రాసి ఉంది. ఈ పేటకు అద్దెకుండేవాళ్లను తెచ్చిన తేదీని, ఈ పేటలోనే అద్దెకుంటూ ఆ పిల్ల కంఠస్థం చేస్తున్నదని తోచి, నేను కొంతసేపు అక్కడి నుంచి కదలలేకపోయాను.

బాధ కలిగించేది ఒకటుంది. మంచానికింత అని లెక్కగట్టే ఈ హాస్టళ్లలో, పిల్లలకు జ్వరం వస్తే చారన్నం పంపే ఇంటావిడ లేరు. అందుకే నా మాట విని, అమ్మాయిని హాస్టల్‌లో చేర్చవద్దు. మా పక్కింటి మేడ మీద ఒక గది వచ్చే నెల ఖాళీ అవుతున్నది. గాలి, వెలుతురు ధారాళంగా వస్తాయి. గ్రంథాలయానికి నడిచి వెళ్లవచ్చు. ఇంటివారితో మాట్లాడి ఉంచాను, రెండు నెలల అద్దె అడ్వాన్సుగా ఇవ్వమన్నారు.

ఆదివారం చెల్లెమ్మను, అమ్మాయిని తీసుకుని రా. భోజనం మా ఇంట్లోనే. గది చూసిన తర్వాత మన పాత సందులోకి వెళ్దాం. ఇల్లు పోయినా, దాని ముందున్న వేపచెట్టు ఇంకా ఉంది.

నీ రాక కోసం ఎదురుచూస్తూ,

నీ మిత్రుడు