కణానికి ఒకే పీహెచ్ ఉండదు

సంపాదకులకు నమస్కారం.

'కణాల్లో ఆమ్లం పేరుకుపోతోంది', 'క్షార జలం తాగి కణాల పీహెచ్ పెంచుకోండి' అనే వాక్యాలు ఆరోగ్యం పేజీల్లో తరచూ అచ్చవుతున్నాయి. నీళ్ల సంగతి తర్వాత చూద్దాం. కణానికి పీహెచ్ (ఆమ్ల, క్షారాల కొలత; అంకె తగ్గితే ఆమ్లం వైపు, పెరిగితే క్షారం వైపు) అంటూ ఒక్క అంకె ఉంటుందనీ, అది ఎంత పెరిగితే అంత మంచిదనీ ఈ వాక్యాల వెనక ఒక ఊహ ఉంది. లెక్క తప్పుతున్నది అక్కడే.

ఒకే కణంలో సైటోసాల్ (కణాన్ని నింపి ఉండే ద్రవం) పీహెచ్ సుమారు 7.2. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా లోపలి గదిలో అది 7.8 దాకా ఉంటుంది. ప్రోటీన్లను సర్ది పంపే గాల్జీ సంచుల్లో 6.5కు అటూ ఇటూ, వ్యర్థాలను అరిగించే సంచులైన లైసోజోముల్లో 4.5 నుంచి 5. అంకెల్లో తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ పీహెచ్ లాగరిథమ్ కొలత. ఒక యూనిట్ తగ్గితే హైడ్రోజన్ అయాన్లు పది రెట్లు పెరిగినట్టు, 0.3 తగ్గితే రెట్టింపైనట్టు. 7.2 దగ్గర లీటరుకు 63 నానోమోళ్ల హైడ్రోజన్ అయాన్లు ఉంటే, 4.7 దగ్గర దాదాపు 20,000 నానోమోళ్లు. మూడు వందల రెట్లకు పైబడిన ఈ తేడాకు మధ్య అడ్డుగా ఉన్నది పది నానోమీటర్లకు మించని కొవ్వు పొర ఒక్కటే.

పొర ఉంటే చాలదు, నిత్యం తోడే పంపు కూడా కావాలి. లైసోజోమ్ పొరలో వి-ఏటీపేజ్ అనే యంత్రం ఉంటుంది. కణానికి ఇంధనమైన ఏటీపీని విడగొట్టగా వచ్చిన శక్తితో దాని ఇరుసు తిరుగుతుంది, తిరిగినప్పుడల్లా ప్రోటాన్లు (అంటే హైడ్రోజన్ అయాన్లు) లోపలికి చేరతాయి. ఇక్కడొక చిక్కుంది. ప్రోటాన్‌తో పాటు ధనావేశం కూడా లోపలికి వెళ్తుంది. అది పేరుకుంటే పొరకు అడ్డంగా వోల్టేజీ పెరిగి, పీహెచ్ పెద్దగా తగ్గకముందే పంపు మొరాయిస్తుంది. కాబట్టి క్లోరైడ్ లోపలికి రావాలి, లేదా పొటాషియం వంటి ధన అయాన్లు బయటికి పోవాలి. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో పంపు ఒక్కటే కనబడుతుంది, ఈ రెండో సగం కనబడదు. పొర నుంచి ప్రోటాన్లు కాస్త కాస్త కారిపోతూనే ఉంటాయి. బఫిలోమైసిన్ అనే రసాయనం వేసి పంపును ఆపితే కొద్ది నిమిషాల్లోనే లోపలి పీహెచ్ పెరగడం మొదలవుతుంది.

అంత ఆమ్లం దేనికంటే, లైసోజోములో ఉన్న దాదాపు 60 రకాల జీర్ణ ఎంజైములకు పీహెచ్ 5 దగ్గరే పదును. సంచి చిరిగి అవి సైటోసాల్‌లోకి జారినా 7.2 దగ్గర చాలావరకు మందగిస్తాయి. కణం తన్ను తాను అరిగించుకోకుండా ఇది రెండో తాళం. ఈ సంచి ఉనికి బయటపడిన తీరు కూడా సరదాగా ఉంటుంది. బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డ్యూవ్ బృందం ఎలుక కాలేయంలో ఉండే ఎంజైము ఆసిడ్ ఫాస్ఫటేజ్‌ను కొలిస్తే తాజా నమూనాలో చాలా తక్కువ వచ్చింది. అదే నమూనాను కొన్ని రోజులు ఫ్రిజ్‌లో ఉంచి కొలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ! ఎంజైము కొత్తగా పుట్టలేదు, దాన్ని మూసి ఉంచిన పొర పాడైందంతే. 1955లో ఆ సంచికి లైసోజోమ్ అని పేరు పెట్టారు. 1974 నోబెల్‌లో ఈ పనికీ వాటా ఉంది.

మరి లైసోజోమ్ నిజంగానే క్షారం వైపు జరిగితే ఏమవుతుంది? మలేరియా మందు క్లోరోక్విన్ చేసేది అదే. అది బలహీన క్షారం. ఆవేశం లేని రూపంలో పొర దాటి లోపలికి పోతుంది, అక్కడ ప్రోటాన్ తగిలించుకుని ఆవేశం పొంది బయటికి రాలేక చిక్కుకుపోతుంది. అలా పోగుపడే కొద్దీ లోపలి పీహెచ్ పెరుగుతుంది, ఎంజైములు నెమ్మదిస్తాయి. పాత ప్రోటీన్లు, అరిగిన మైటోకాండ్రియా జీర్ణం కాకుండా మిగిలిపోతాయి. 'కణాన్ని క్షారమయం చేయడం' అన్న మాటను ఉన్నదున్నట్టు తీసుకుంటే దొరికే ఫలితం ఇది.

సైటోసాల్ కథ వేరు. అక్కడ కణం పోరాటమంతా ఆమ్లాన్ని బయటికి తోయడం. చాలా కణాల లోపలి వైపు బయటి కంటే సుమారు 60 మిల్లీవోల్టులు రుణావేశంతో ఉంటుంది. ప్రోటాన్లను వాటి మానాన వదిలేస్తే, బయట 7.4 ఉన్నప్పుడు లోపల 6.4 దగ్గర ఆగాలి. 7.2 దగ్గర నిలుస్తోందంటే ఎవరో నిలుపుతున్నారన్నమాట. ఆ పనిలో ముఖ్యమైనది సోడియం–హైడ్రోజన్ మారకపు ప్రోటీను: ఒక సోడియం లోపలికి, ఒక ప్రోటాన్ బయటికి. 7.2 దగ్గర ఇది దాదాపు ఖాళీగా ఉంటుంది, పీహెచ్ పడిపోగానే వేగం అందుకుంటుంది. దీనికి కావలసిన సోడియం వాలును (బయట ఎక్కువ, లోపల తక్కువ ఉండే తేడాను) ఇచ్చేది డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ 1957లో వెల్లడించిన సోడియం–పొటాషియం పంపు. ఒక ఏటీపీ ఖర్చుతో మూడు సోడియాలను బయటికి, రెండు పొటాషియాలను లోపలికి పంపుతుంది.

గుండె కండరానికి రక్తం ఆగినప్పుడు ఈ గొలుసు ఎలా తెగుతుందో గమనించాలి. ఏటీపీ పడిపోతుంది, ఆమ్లం పెరుగుతుంది, సోడియం పంపు కుంటుతుంది. రక్తం తిరిగి పారగానే బయటి ఆమ్లం కొట్టుకుపోయి, మారకపు ప్రోటీను జోరందుకుని ప్రోటాన్లను తోసేస్తూ సోడియాన్ని నింపేస్తుంది. ఆ సోడియాన్ని వదిలించుకోబోయి కణం కాల్షియాన్ని లోపలికి తెచ్చుకుంటుంది. సైటోసాల్‌లో కాల్షియం మామూలుగా బయటి కంటే పదివేల రెట్లు తక్కువ, కాబట్టి దెబ్బ గట్టిగానే తగులుతుంది. పీహెచ్ సరిదిద్దుకునే తొందరే ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది.

ఇప్పుడు నీళ్లు. పీహెచ్ 9 ఉన్న లీటరు నీటిలో హైడ్రాక్సైడ్ 10 మైక్రోమోళ్లు. పీహెచ్ 1.5 ఉన్న జీర్ణరసంలో లీటరుకు సుమారు 30 మిల్లీమోళ్ల ఆమ్లం. భాగహారం చేస్తే, ఆ లీటరు నీటిలోని హైడ్రాక్సైడ్‌ను రద్దు చేయడానికి మిల్లీలీటరులో మూడో వంతు జీర్ణరసం, అంటే ఆరేడు చుక్కలు, సరిపోతుంది. నీటిలో బైకార్బనేట్ (ఆమ్లాన్ని రద్దు చేసే అయాన్) కరిగి ఉంటే లెక్క పెరుగుతుంది, నిజమే. కానీ అదనపు బైకార్బనేట్‌ను మూత్రపిండాలు మూత్రంలోకి వదిలేస్తాయి. మూత్రం పీహెచ్ 4.5 నుంచి 8 దాకా ఊగేది అందుకే. మూత్రంలో ముంచిన పీహెచ్ పట్టీ రంగు మారిందంటే కణాలు బాగుపడ్డాయని కాదు. మూత్రపిండాలు తమ పని చేసుకుపోతున్నాయి, అంతే.

బైకార్బనేట్ విషయంలో ఇంకో మెలిక. అది ఆమ్లంతో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఈ వాయువు పొరను ఇట్టే దాటేస్తుంది, బైకార్బనేట్ అయాన్ అంత సులువుగా దాటలేదు. లోపలికి చేరిన వాయువు నీటితో కలిసి ప్రోటాన్లను వదులుతుంది. కాబట్టి బయట క్షారం పోస్తే, కాసేపైనా, సైటోసాల్ మరింత ఆమ్లంగా మారవచ్చు. మూత్రపిండాల జబ్బులో రక్తంలో బైకార్బనేట్ తగ్గినప్పుడు వైద్యులు దాన్ని ఇస్తారు. అది రక్తపరీక్ష చూసి, మోతాదు కట్టి ఇచ్చే మందు. మోతాదు మించితే పొటాషియం పడిపోతుంది, రక్తంలో అయాన్ రూపంలో ఉండే కాల్షియం తగ్గి కండరాలు కొంకర్లు పోతాయి.

'క్షార వాతావరణంలో క్యాన్సర్ కణం బతకదు' అన్న మాట మరీ తలకిందుల వ్యవహారం. చాలా క్యాన్సర్ కణాల సైటోసాల్ మామూలు కణాల కంటే కాస్త ఎక్కువ క్షారంగానే ఉంటుంది, 7.4 దాకా. ఆమ్లమంతా అవి బయటికి తోసేస్తాయి కాబట్టి గడ్డ చుట్టూ ఉన్న ద్రవం 6.5–6.9కి దిగుతుంది. బయట కొలిచిన అంకెను లోపలిదనుకోవడంతో వచ్చిన తంటా ఇది.

లోపలి అంకె కావాలంటే పట్టీలు పనికిరావు. బీసీఈసీఎఫ్ వంటి రంగును కణంలోకి ఎక్కించి, 490, 440 నానోమీటర్ల కాంతులతో వరసగా వెలిగించి, 535 దగ్గర వచ్చే రెండు వెలుగుల నిష్పత్తి చూస్తారు. నిష్పత్తి తీసుకుంటే, ఏ కణంలో రంగు ఎంత చేరిందన్న తేడా ఫలితాన్ని చెడగొట్టదు. తర్వాత పొటాషియం ఎక్కువగా ఉన్న ద్రావణంలో నైజెరిసిన్ అనే రసాయనం కలిపి లోపలి పీహెచ్, బయటి పీహెచ్ సమానం చేసి, తెలిసిన పీహెచ్‌లతో అంకెలు సరిచూస్తారు. ఈ చివరి మెట్టు వదిలేస్తే చేతిలో మిగిలేది నిష్పత్తే, పీహెచ్ కాదు.

మా విన్నపం చిన్నది. పీహెచ్ అంకె అచ్చువేసినప్పుడల్లా అది రక్తానిదా, మూత్రానిదా, సైటోసాల్‌దా, లైసోజోమ్‌దా అన్నది పక్కనే రాయించండి. కణం లోపలిదని చెప్పే వ్యాసమైతే, ఎలా కొలిచారో రచయితను ఒక్కసారి అడగండి.

— కణజీవశాస్త్రం బోధించే అధ్యాపకులు