శనివారం హై షెరిఫ్ గారు వస్తున్నారు, అందరూ చదవండి

అందరికీ నమస్కారం అండి 🙏 వచ్చే శనివారం మన పిల్లల యూత్ క్లబ్‌కి మన కౌంటీ (జిల్లా లాంటిది) హై షెరిఫ్ గారు వస్తున్నారు, నిన్న కన్ఫర్మ్ అయింది. షెరిఫ్ అంటే పోలీసా, ఏమైనా గొడవైందా అని కొందరు కంగారుగా అడిగారు, అదేం లేదండి. ఇంగ్లాండ్, వేల్స్‌లో ఒక్కో కౌంటీకి రాజుగారి తరఫున ఏడాదికి ఒకర్ని పెడతారు, వెయ్యేళ్ల పైనాటి పదవి, ఒకప్పుడు పన్నుల వసూళ్లూ దొంగల్ని పట్టుకోవడం అన్నీ వీళ్లే చూసేవాళ్లు, ఆ పనులు ఎప్పుడో వేరేవాళ్ల చేతికి పోయాయి. జీతం లేదు, తిరిగే ఖర్చులు కూడా సొంత జేబులోంచే. అయినా ఏడాదంతా కోర్టులు, జైళ్లు, పోలీసులు, ఛారిటీలు, యూత్ క్లబ్బులు అన్నీ తిరిగి పనిచేసేవాళ్లతో కూర్చుని మాట్లాడతారు, అది నాకు చాలా నచ్చింది.

వెల్వెట్ కోటు, మెడ దగ్గర తెల్ల లేసు, అలా పాతకాలం డ్రెస్‌లో రావచ్చు, పిల్లలు అడగాలనుకున్నవన్నీ అడగనివ్వండి.

ఒక్క రిక్వెస్ట్. శాలువా కప్పి, బొకే ఇచ్చి, పెద్దవాళ్లం అరగంట మైకు పట్టుకోవద్దు ప్లీజ్, సాయంత్రం పూట మన టీనేజ్ పిల్లలకి వెళ్లడానికి ఒక చోటు ఎందుకు కావాలో వాళ్ల నోటితోనే చెప్పనిద్దాం. ఇంకోటి, నేరాలు తగ్గించే పనులు చేసే కుర్రాళ్ల కోసం హై షెరిఫ్‌లదే నేషనల్ క్రైమ్‌బీట్ అని ఒక ఛారిటీ ఉంది, అవార్డులు కూడా ఇస్తారు, మనవాళ్లు ఎలా అప్లై చేయాలో హై షెరిఫ్ గారినే అడుగుదాం. వచ్చేవాళ్లు రేపటిలోగా పేరు పెట్టండి, టీ, టిఫిన్ లెక్క చూసుకోవాలి.