టీచర్ చొరవకు తాళం పడకుండా చూడండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను లెక్కల టీచర్ని. ఇరవై రెండేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. మా బడి స్టోర్ రూమ్‌లో విరిగిన బల్లల వెనకాల ఒక గోనెసంచి ఉంది. అందులో రెండు సోల్డరింగ్ ఐరన్లు, కొన్ని స్క్రూడ్రైవర్లు, ఒక పాత మల్టీమీటర్, పిల్లలు రాసుకున్న నాలుగు నోటుబుక్కులు ఉన్నాయి. ఆ సంచి అక్కడికి ఎలా చేరిందో మీకు చెప్పాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొన్నేళ్ళ కిందట మా సైన్స్ మాస్టారు కరెంటు పాఠం చెబుతూ ఒక సంగతి గమనించారు. పిల్లలు సర్క్యూట్ బొమ్మ చక్కగా వేస్తున్నారు, మార్కులూ వస్తున్నాయి. కానీ టార్చి వెలగకపోతే ఎందుకు వెలగడం లేదో చూడమంటే ఒక్కరూ ముందుకు రాలేదు. ఆయన శుక్రవారం చివరి పీరియడ్‌లో "ఇంట్లో పాడైపోయి మూల పడేసినవి ఏవైనా ఉంటే వచ్చే వారం పట్టుకురండి" అన్నారు. వారం తిరిగేసరికి బల్లల నిండా టార్చిలు, రేడియోలు, ఆగిపోయిన గోడ గడియారాలు. బ్యాటరీతో నడిచేవి మాత్రమే పిల్లల చేతికి ఇచ్చేవారు. ప్లగ్గు ఉన్న వస్తువైతే ఆయనే విప్పి చూపించేవారు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే: మూత విప్పేముందు, ఎక్కడ పాడై ఉంటుందనుకుంటున్నారో నోటుబుక్కులో రాయాలి. విప్పాక నిజంగా ఏం కనిపించిందో దాని కిందే రాయాలి. తప్పు ఊహను కొట్టేయడానికి వీల్లేదు.

రెండు నెలలు గడిచేసరికి చుట్టుపక్కల వాళ్ళే సామాన్లు పట్టుకుని బడికి రావడం మొదలుపెట్టారు. రిటైరైన ఎలక్ట్రీషియన్ ఒకాయన ప్రతి శుక్రవారం వచ్చి పిల్లల పక్కన కూర్చునేవారు. ఒకసారి ఒక పెద్దాయన రేడియో తెచ్చారు. ఎనిమిదో తరగతి అమ్మాయి దాన్ని అందుకుంది. నా క్లాసులో ఏడాదంతా నోరు విప్పని పిల్ల తను. బ్యాటరీ మూత తీసి, స్ప్రింగు మీద పేరుకున్న తెల్లటి పొడిని వేలితో చూపిస్తూ, "తాతగారూ, మీ రేడియో బాగానే ఉంది. బ్యాటరీ కారి ఇక్కడ పట్టేసింది. కరెంటు ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతోంది" అని చెప్పింది. గరుకు కాగితంతో స్ప్రింగును రుద్ది, కొత్త బ్యాటరీలు వేసింది. గరగరమని శబ్దం వచ్చింది. నేను గుమ్మం దగ్గరే నిలబడి చూస్తున్నాను. మరుసటి రోజు నా క్లాసులో ఆ పిల్ల మొదటిసారి చెయ్యెత్తింది.

తర్వాత తనిఖీకి వచ్చినవారు మూడు ప్రశ్నలు వేశారు. ఇది ఏ పాఠం కింద వస్తుంది? ఏ రిజిస్టర్‌లో రాశారు? ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది? మూడోది న్యాయమైన ప్రశ్న. దానికి మాస్టారి దగ్గర జవాబు కూడా ఉంది. కానీ వినడానికి ఎవరికీ తీరిక లేకపోయింది. రాతపూర్వకంగా అనుమతి వచ్చేదాకా ఆపమన్నారు. అనుమతి రాలేదు. ఆ మరుసటి ఏడాది మాస్టారికి బదిలీ అయింది. వెళ్ళేముందు ఆయనే సామాన్లన్నీ సర్ది సంచి మూతి కట్టారు.

మా మాస్టారిలాంటి టీచర్లను నేను ఎంట్రప్రెన్యూర్లనే అంటాను. ఆ మాట అనగానే మనకు కంపెనీ, లాభం, పెట్టుబడి గుర్తుకొస్తాయి. విద్యలో ఆ మాట వినబడితే యాప్‌లు అమ్మేవాళ్ళే కళ్ళ ముందుకొస్తారు. నేను మాట్లాడుతున్నది వేరే మనుషుల గురించి. ఎదురుగా ఉన్న అవసరాన్ని పసిగట్టి, ఎవరూ చెప్పకముందే, దొరికిన వనరులతో, చెడ్డపేరు వచ్చినా భరిద్దామని దిగే టీచర్ల గురించి. వాళ్ళకు లాభం రాదు. చాలాసార్లు సొంత జీతమే ఖర్చవుతుంది.

ఇలాంటివాళ్ళు అన్ని చోట్లా, అన్ని కాలాల్లో ఉన్నారు. ఫ్రాన్స్‌లో సెలెస్టిన్ ఫ్రెనే అనే టీచర్ మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తికి గాయమై తిరిగొచ్చాడు. 1920లో బార్-సుర్-లూ అనే చిన్న ఊరి బడిలో చేరాడు. గంటల తరబడి గొంతెత్తి పాఠం చెప్పే శక్తి లేదు. అందుకని పిల్లల్ని బయట తిప్పి, చూసినవాటి గురించి వాళ్ళనే రాయమన్నాడు. ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్ కొని క్లాసులో పెట్టాడు. పిల్లలు అక్షరాలు పేర్చి తమ రాతలను తామే అచ్చువేసి, దేశం అవతలి కొసన బ్రిటనీలో ఉన్న మరో బడి పిల్లలకు పోస్టులో పంపేవారు. అక్కడినుంచి జవాబుగా వాళ్ళ రాతలు వచ్చేవి. దూరాన తమ వయసు పిల్లలు చదువుతారని తెలిసినప్పుడు అక్షరదోషం దిద్దుకోమని ఎవరూ గద్దించనక్కర్లేదు. ఇంత చేసిన మనిషి గొడవల మధ్య 1933లో ప్రభుత్వ బడి వదిలిపెట్టాల్సి వచ్చింది. 1935లో వాన్స్ అనే ఊళ్ళో సొంతంగా బడి పెట్టుకున్నాడు. తర్వాత ఆయన పద్ధతులు చాలా దేశాలకు పాకాయి. అలాంటి మనిషిని సర్కారు బడి నిలుపుకోలేకపోయింది కదా అన్నదే నా బాధ.

మన దేశంలోనూ అలాంటి కథ ఉంది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 బడుల్లో ఒక సైన్స్ కార్యక్రమం మొదలైంది. రెండు స్వచ్ఛంద సంస్థలు, శాస్త్రవేత్తలు, మామూలు బడి టీచర్లు కలిసి నడిపారు. చౌకగా దొరికే వస్తువులతో పిల్లలే ప్రయోగాలు చేసేవారు. పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోవచ్చు. సవాలీరామ్ అనే కల్పిత పాత్రకు పిల్లలు తోచిన ప్రశ్నలన్నీ ఉత్తరాలుగా రాస్తే జవాబులు వెళ్ళేవి. 1978కి అది జిల్లా అంతటికీ వ్యాపించింది, తర్వాత జిల్లా దాటింది. ముప్ఫై ఏళ్ళు నడిచింది. 2002లో ప్రభుత్వ నిర్ణయంతో ఆగిపోయింది. ఆ పనికి లోపాలు లేవని నేననను. కానీ ముప్ఫై ఏళ్ళలో టీచర్లు చేతులతో నేర్చుకున్నదంతా ఒక నిర్ణయంతో పక్కకు పోవడం చూస్తే, ఏ ఊరి టీచరైనా కొత్తది మొదలుపెట్టే ముందు "రేపు ఇది ఉంటుందా?" అని ఆలోచిస్తాడు. ఆ ఆలోచన వచ్చిందంటే సగం పని అక్కడే ఆగిపోయినట్టు.

దీనికి భిన్నంగా జరిగిన చోట్లు కూడా ఉన్నాయి. కొలంబియాలో 1970ల్లో విక్కీ కోల్బర్ట్, మరికొందరు పల్లె టీచర్లతో కలిసి ఎస్కుయేలా నువేవా అనే పద్ధతి తయారుచేశారు. ఒకే గదిలో నాలుగైదు తరగతులు, ఒక్కరే టీచర్. అందరికీ ఒకే పాఠం చెప్పడం కుదరని పని. అందుకే పిల్లలు తమంతట తాము, చిన్న గుంపులుగా చదువుకునే గైడ్లు రాశారు. జబ్బు పడినా, పొలం పనికి వెళ్ళినా తిరిగొచ్చి ఆపినచోటే అందుకోవచ్చు, ఏడాది పోదు. 1980ల మధ్యలో ప్రభుత్వం దాన్ని జాతీయ విధానంగా తీసుకుంది. ఆ తర్వాతిది నేర్చుకోవాల్సిన పాఠం. వేల బడులకు వేగంగా పంచినప్పుడు చాలాచోట్ల గైడ్లు చేరాయి గానీ పని పలచబడింది. అసలు బలం గైడ్లలో లేదు. దగ్గర దగ్గరి బడుల టీచర్లు క్రమం తప్పకుండా ఒకచోట కూర్చుని "నా క్లాసులో ఇది పనిచేయలేదు, నువ్వేం చేశావు?" అని అడుగుకునే మీటింగుల్లో ఉంది. అచ్చేసిన పుస్తకాలు లారీలో పంపొచ్చు. ఆ మీటింగును పంపలేం.

ఇక బడి, ఊరు కలిసి చేసే పని గురించి ఒక్క ఉదాహరణ. ఇటలీలోని రెజియో ఎమీలియా నగరం దగ్గర విల్లా చెల్లా అనే చిన్న ఊరు. 1945లో యుద్ధం ముగిసిన రోజుల్లో అక్కడివాళ్ళు పసిపిల్లలకు బడి కట్టాలనుకున్నారు. సైన్యం వదిలి వెళ్ళిన ట్యాంకు, ట్రక్కులు, గుర్రాలు అమ్మగా వచ్చిన డబ్బే పెట్టుబడి. కూలిన ఇళ్ళ ఇటుకలే గోడలయ్యాయి. ఆ మాట విని లోరిస్ మలగుజ్జీ అనే యువ టీచర్ సైకిలేసుకుని చూడ్డానికి వెళ్ళాడు, ఆ పనిలోనే జీవితం గడిపాడు. ఆ నగర పురపాలక సంఘం తన మొదటి బాలల బడిని 1963లో తెరిచింది. ముందు తల్లిదండ్రులు, టీచర్లు కదిలారు, ఆ తర్వాత పాలకులు భుజం కలిపారు. ఈ రోజు ప్రపంచం నలుమూలల నుంచీ టీచర్లు ఆ బడులు చూడ్డానికి వెళ్తున్నారు.

మంత్రి గారూ, ఇప్పుడు మిమ్మల్ని అడగదలచుకున్నది చెబుతాను. ఇంకో పథకం ప్రకటించమని కాదు. ఇన్నోవేషన్ అవార్డులూ వద్దు. అవార్డు అనగానే ఫొటోలు, అప్‌లోడ్‌లు, ఫార్మాట్‌లు మొదలవుతాయి, ఆ టెన్షన్‌లో పిల్లలు వెనక్కి పోతారు.

మొదట కావాల్సింది టైము. వారంలో రెండు పీరియడ్లు టీచర్ ఆలోచనకు, ప్రయోగానికి వదిలేయండి. ఆ పీరియడ్లలో ఏం చేశారో ఒక పేజీ రాసి పెట్టమనండి, చాలు. దానితోపాటు ప్రతి బడికీ చిన్న మొత్తం ఇవ్వండి. ఏ హెడ్డు కింద అని ముందే రాయకుండా, ఖర్చయ్యాక బిల్లులు చూపించి, తల్లిదండ్రుల కమిటీ ముందు లెక్క చెప్పేలా ఉండాలి. మాస్టారు స్క్రూడ్రైవర్లు సొంత డబ్బుతో కొన్నారు. అందుకే వాటిని ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కించలేకపోయాం. రిజిస్టర్‌లో లేవు కాబట్టే తప్పయింది.

బదిలీల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మంచి పనులు ఎక్కువగా చచ్చిపోయేది అక్కడే. బదిలీ ఆపమని నేను అడగను, అది అందరికీ ఒకేలా ఉండాలి. కానీ పని నడుస్తున్న బడి నుంచి టీచర్ వెళ్ళేటప్పుడు, కొత్తగా వచ్చేవారితో పదిహేను రోజులు కలిసి పనిచేసే వీలు కల్పించండి. పిల్లల పరిచయం, ఊరివాళ్ళ పరిచయం, ఏది ఎందుకు కుదరలేదో ఆ అనుభవం, ఇవన్నీ చార్జి అప్పగించే కాగితంలో ఉండవు. మా మాస్టారి స్థానంలో వచ్చిన మేడమ్ మంచి టీచర్. ఆ సంచిలో ఏముందో ఆమెకు చెప్పినవాళ్ళు లేరు. నేనూ చెప్పలేదు. ఆ తప్పు నాదే.

భద్రత గురించి స్పష్టమైన నియమాలు రాయించండి. ఏది పిల్లలు ముట్టుకోవచ్చు, ఏది పెద్దలే చేయాలి, ఎవరి సంతకం కావాలి. నియమం ఉంటే టీచర్ ధైర్యంగా ముందుకెళ్తాడు. లేకపోతే తనిఖీకి వచ్చినవారు కూడా భయంతో వద్దనే అంటారు. వాళ్ళనూ నేను తప్పుపట్టను. ఏదైనా అయితే అడిగేది వాళ్ళనే కదా.

విఫలమైన ప్రయత్నానికి మెమో ఇవ్వకండి. అలాగని టీచర్ ఏం చేసినా సరేనని అనడం లేదు. పిల్లలకు ఆ ఏడాది మళ్ళీ రాదు. అందుకే ఏ కొత్త పనైనా కొద్దిమంది పిల్లలతో, కొన్ని వారాలకే మొదలవ్వాలి, వాళ్ళు ఏం నేర్చుకున్నారో నిజాయితీగా చూడాలి. పనిచేయకపోతే ఆపేయాలి, ఎందుకు పనిచేయలేదో పక్క బడి టీచర్‌కు చెప్పాలి. ఆ మాట భయపడకుండా చెప్పగలిగే నెలవారీ సమావేశం కావాలి. అక్కడ పైఅధికారి ప్రసంగం ఉండకూడదు. మాట్లాడేది టీచర్లే అయి ఉండాలి.

మాస్టారు ఇప్పుడు వేరే బడిలో సిలబస్ పూర్తిచేస్తున్నారు. ఫోన్ చేసినప్పుడు అడిగాను, మళ్ళీ మొదలుపెడతారా అని. "అనుమతి కాగితం ఉంటే రేపే" అన్నారు. ఆ రేడియో బాగుచేసిన అమ్మాయి రాసిన నోటుబుక్కు సంచిలో పైనే ఉంది. మొన్న తీసి చూశాను. మొదటి పేజీలో ఆమె ఊహ "స్పీకర్ పోయి ఉంటుంది" అని, దాని కింద "కాదు, స్ప్రింగు" అని ఉంది. కొత్త సైన్స్ మేడమ్‌కు చూపించాను. ఆమె ఆ పేజీ రెండుసార్లు చదివి, "ఈ శుక్రవారం చివరి పీరియడ్ నాదే కదా?" అని అడిగారు. మేమిద్దరం కలిసి హెడ్మాస్టర్ గారికి అర్జీ రాశాం. దాని నకలు ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను. మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాం.

ఇట్లు,
మీ విధేయురాలు,
ఒక లెక్కల టీచర్