ఒక్క ఎత్వం పోతే ఒక జాతే పోయింది

సంపాదకుల వారికి,

నమస్కారం. మూడు వారాల కిందటి ఆదివారం అనుబంధంలో ఫ్రాన్స్ పడమటి తీరాన ఉన్న బ్రిటనీ ప్రాంతం మీద మీరు వేసిన రెండు పేజీల యాత్రా వ్యాసం గురించి ఈ ఉత్తరం. ఆలస్యమైందని తెలుసు. మొదటి వారం మీరే సవరణ వేస్తారని చూశాను. రెండో వారం మీ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఎత్తినాయన "ప్రకటనలా, చందాలా?" అని అడిగి, రెండూ కాదనేసరికి పెట్టేశాడు. తప్పులు చెప్పుకోవడానికి వేరే విభాగం ఉన్నట్టు లేదు.

బ్రిటనీ జనాన్ని బ్రెటన్లంటారు. ఆ రెండు పేజీల్లో 'బ్రెటన్' అన్న మాట ఒక్కటంటే ఒక్కచోట లేదు. అన్నిచోట్లా 'బ్రిటన్లు', 'బ్రిటిష్ వారు'. వాళ్ళు మధ్యయుగంలో ఫ్రాన్స్‌లో ఈ ముక్కను ఆక్రమించి కాలనీ చేసుకున్నారట! రాసినవారు బ్రెటన్లనే రాసి ఉంటారు. ఏ సాఫ్ట్‌వేరో, ఏ తొందరలో ఉన్న సబ్ ఎడిటరో అది అచ్చుతప్పనుకుని ఎత్వం తీసి గుడి కట్టేశారు. కట్టినవారికి పుణ్యం వస్తుందేమో గానీ, పదిహేను వందల ఏళ్ళ చరిత్ర ఉన్న ఒక జాతి మాత్రం మీ కాగితం మీద మాయమైపోయింది.

తమాషా ఏమిటంటే, ఈ తప్పులో సగం నిజముంది. బ్రెటన్ల పూర్వీకులు నిజంగానే బ్రిటన్ దీవి నుంచే వచ్చారు. క్రీ.శ. 5, 6 శతాబ్దాల్లో ఇప్పటి కార్న్‌వాల్, డెవన్, వేల్స్ వైపు నుంచి పడవలెక్కి, అప్పట్లో ఆర్మోరికా అనే ద్వీపకల్పంలో దిగారు. ఆ పేరే అక్కడికి తెచ్చుకున్నారు. ఫ్రెంచివాళ్ళు బ్రిటనీని బ్రెతాన్ అని, అవతలి దీవిని 'పెద్ద బ్రెతాన్' అని అంటారు. మనం గ్రేట్ బ్రిటన్ అంటున్నామే, అందులో గ్రేట్ అంటే గొప్ప కాదు, పెద్దది అని. ఈ చిన్నదాని నుంచి వేరు చేయడానికే ఆ మాట. అయితే ఆ పడవల్లో వచ్చినవాళ్ళు ఇంగ్లీషువాళ్ళు కారు. ఇంగ్లీషువాళ్ళ పూర్వీకులైన సాక్సన్లు ఆ దీవిలో బలపడుతున్న రోజులవి. సాక్సన్లు తరిమితేనే అందరూ పారిపోయి వచ్చారని పాత పుస్తకాలు చెబుతాయి. కథ అంత సూటిగా లేదు, వలస ఒక్క విడతలోనూ జరగలేదు. 461లో తూర్ పట్నంలో బిషప్పుల సభ జరిగితే 'బ్రిటన్ల బిషప్పు' అని ఒకాయన సంతకం పెట్టాడు. అంటే అప్పటికే వీళ్ళు గోల్ దేశంలో, అంటే ఇప్పటి ఫ్రాన్స్‌లో, ఉన్నారు.

వీళ్ళ భాషకు బ్రెజోనెగ్ అని పేరు. దానికి ఫ్రెంచితో చుట్టరికం లేదు, వేల్స్ భాషతో ఉంది. రొట్టెను ఇక్కడా 'బారా' అంటారు, అక్కడా 'బారా' అంటారు. మనకు పల్లి, పాడు, పూడి ఎలాగో వాళ్ళ ఊళ్ళకు ప్లూ, లాన్, త్రె, కెర్ అలాగ. ప్లుగస్తెల్‌లో 'ప్లూ' అంటే క్రైస్తవ పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం), లాందెర్నోలో 'లాన్' అంటే పుణ్యస్థలం. ఆ జిల్లాల మ్యాపు ముందు పెట్టుకుంటే వలస వచ్చినవాళ్ళు ఎక్కడెక్కడ దిగారో వేలుపెట్టి చూపించవచ్చు. మీ వ్యాసంలో మ్యాపు వేశారు, ఒప్పుకుంటాను. అందులో సగానికి పైగా హోటల్ ప్రకటనే.

రెండో తప్పు ఫొటో కింద ఉంది. నలుపు తెలుపు చారల జెండా పెట్టి "మధ్యయుగ రాజుల జెండా" అని రాశారు. అది 1923 ప్రాంతంలో మోర్వాన్ మార్షల్ అనే ఆయన గీసింది. మూలన తెల్లటి తోలును తలపించే నేల మీద ఉన్న నల్ల గుర్తులు మాత్రం పాతవే, 14వ శతాబ్దంలో బ్రిటనీని ఏలిన డ్యూకులవి. తొమ్మిది చారలు తొమ్మిది పాత బిషప్ పీఠాలకు గుర్తు. ఐదు నల్లవి తూర్పు భాగానికి, నాలుగు తెల్లవి పడమటి భాగానికి. ఆ ఐదింటిలో ఒకటి నాంత్ నగరం. ఇది గుర్తుంచుకోండి, మళ్ళీ అక్కడికే వస్తాను.

ఇక రాజుల సంగతి. నొమినోయె పేరే లేకుండా బ్రిటనీ మధ్యయుగ చరిత్ర రాయడం ఎలా సాధ్యమైందో నాకు అర్థం కాలేదు. 831లో, అప్పట్లో ఫ్రాన్స్‌ను ఏలుతున్న ఫ్రాంకుల చక్రవర్తి లూయీ ఈయన్ని తన తరఫున అక్కడ పెట్టాడు. చక్రవర్తి బతికున్నన్నాళ్ళూ విధేయుడిగానే ఉన్నాడు. పెద్దాయన పోయాక, కొడుకు 'బట్టతల చార్లెస్' మీద తిరగబడి 845లో బాలోన్ దగ్గర ఓడించాడు. నొమినోయె కొడుకు ఎరిస్పొయె 851లో మళ్ళీ ఓడించేసరికి, చార్లెస్ అతన్ని రాజుగా ఒప్పుకుని రెన్, నాంత్ నగరాలు కూడా ఇచ్చాడు. ఆరేళ్ళకే ఎరిస్పొయెను దాయాది సాలమన్ చంపాడు. 874లో సాలమన్‌నూ చంపారు. పలనాటి కథ తెలిసిన మనకు ఇందులో వింతేముంది? ఆ తర్వాత వైకింగులు దిగారు. 913లో లాందెవెనెక్ మఠం కూలింది. ఇంగ్లండులో తలదాచుకున్న అలన్ అనే రాచబిడ్డ 936లో తిరిగొచ్చి నాంత్‌ను విడిపించేదాకా పాలన అన్నదే లేదు.

ఆ కాలపు మామూలు జనం ఎలా బతికారో రెదోన్ మఠం దస్తావేజుల్లో ఉంది. 9వ శతాబ్దపు పొలం గట్ల తగాదాలు, అప్పులు, హామీలు, ఊరికి పెద్దయిన 'మాక్తియర్న్' చెప్పిన తీర్పులు. మాక్తియర్న్ అంటే మన మునసబు లాంటివాడనుకోండి. ఆ దస్తావేజులు వందల్లో మిగిలాయి. మా తాలూకాలో 1950 నాటి రీసర్వే కాగితం ఇమ్మంటే చెదలు తినేశాయన్నారు. పదకొండు వందల ఏళ్ళ కిందటి సన్యాసులకు ఉన్న శ్రద్ధ జీతం తీసుకునే రికార్డు రూముకు లేకపోయింది.

గీతలు కట్టిన పెట్టెలో వేసిన మూడో తప్పు నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది. "ఆన్ రాణి తన రాజ్యాన్ని ఫ్రాన్స్‌కు కట్నంగా ఇచ్చేసింది" అట! అంతకుముందు వరకూ బ్రిటనీ డ్యూకులు ఫ్రాన్స్ రాజు ముందు మోకాళ్ళ మీద కూర్చోబోమని, నిలబడే, నడుముకు కత్తితోనే మొక్కుతామని పట్టుబట్టినవాళ్ళు. 1488 జూలైలో ఆన్ తండ్రి యుద్ధంలో ఓడి, సెప్టెంబరులో పోయాడు. అప్పుడామెకు పదకొండేళ్ళు. ఆస్ట్రియా మాక్సిమిలియన్‌తో ప్రతినిధిని పెట్టి పెళ్ళి చేశారు. ఫ్రెంచి సైన్యం రెన్‌ను చుట్టుముట్టింది. 1491 డిసెంబరులో ఫ్రాన్స్ రాజు ఎనిమిదో చార్లెస్‌ను పెళ్ళి చేసుకోక తప్పలేదు. అతను కొడుకు లేకుండా పోతే తర్వాతి రాజునే చేసుకోవాలని ఒప్పందంలో రాయించుకున్నారు. 1499లో అలాగే పన్నెండో లూయీని చేసుకుంది. ఈసారి మాత్రం తన రాజ్యం పాలన వేరుగా ఉండాలని షరతు పెట్టింది. 1514లో చనిపోయింది. విలీనం జరిగింది 1532లో, ఆమె అల్లుడు మొదటి ఫ్రాన్సిస్ హయాంలో. పద్దెనిమిదేళ్ళ కిందట పోయిన మనిషి రాజ్యాన్ని కట్నమెలా ఇస్తుంది స్వామీ? విలీనమైనా, స్థానిక సభ ఒప్పుకోకుండా కొత్త పన్ను వేయరాదన్న హక్కు 1789 దాకా నిలిచింది.

భాష పోతే జాతి పోయినట్టేనని మనం అనుకుంటాం. బ్రెటన్ల విషయంలో ఆ లెక్క కుదరదు. తూర్పు భాగంలో జనం బ్రెజోనెగ్ కాదు, ఫ్రెంచికి దగ్గరి చుట్టమైన గాలో మాట్లాడేవారు. 12వ శతాబ్దం నుంచి డ్యూకులకే బ్రెజోనెగ్ రాదు. అయినా తూర్పువాళ్ళూ పడమటివాళ్ళూ తమను బ్రెటన్లనే చెప్పుకున్నారు. ఒకే డ్యూకు, ఒకే సభ, ఊరూరా అవే సాధువుల పేర్లు.

ఇప్పుడు నాంత్ దగ్గరికి వస్తాను. డ్యూకుల కోట ఆ ఊళ్ళో ఉంది, ఆన్ పుట్టింది అక్కడే. ఆ నాంత్ ఇవాళ ప్రభుత్వ లెక్కలో బ్రిటనీలో లేదు! 1941లో జర్మన్లకు తలొగ్గిన విషీ ప్రభుత్వం విడదీసింది. మనం భాష పేరున రాష్ట్రాలు గీసుకున్న 1956లోనే పారిస్ అధికారులు అదే గీతను ఖాయం చేశారు. కలపమని అక్కడి జనం ఇప్పటికీ ఊరేగింపులు తీస్తున్నారు. మీ వ్యాసం "బ్రిటనీ రాజధాని నాంత్ చూడండి" అని ఒక్క వాక్యంతో దాటేసింది. పాతకాలం లెక్కలో ఒప్పే అనుకున్నా, ఆ రోడ్డెక్కిన వాళ్ళ సంగతి ఒక్క ముక్కైనా ఉండొద్దా?

"ఈయనకెందుకీ గోల" అనుకుంటారేమో. మా కాకినాడకు కూతవేటు దూరంలో 1954 దాకా ఫ్రెంచి జెండా ఎగిరిన యానాం ఉంది. 1746లో మద్రాసు కోటను పట్టుకున్న లా బూర్దొనే పుట్టింది బ్రిటనీలోని సెయింట్ మాలోలో. ఆ ఊరి పేరు వేల్స్ నుంచి వచ్చాడని చెప్పే మాలో అనే సాధువుది. ఫ్రెంచి కంపెనీ ఓడలు మన వైపు బయల్దేరిన లోరియాంత్ రేవూ బ్రిటనీదే. 'ఫ్రెంచివాళ్ళు' అని మనం ఒక్క గాటన కట్టేసిన వాళ్ళలో ఈ జాతివాళ్ళూ ఉన్నారన్నమాట.

ఇవన్నీ ఎక్కడ చూసుకోవాలని మీ డెస్కు వాళ్ళు అడగవచ్చు. మా శాఖా గ్రంథాలయం చూసుకోమనడానికి నాకే నోరు రావడం లేదు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు ఏటా కడుతున్నాం. చరిత్ర బీరువా తాళం పోయి రెండేళ్ళయింది. అడిగితే "ఇండెంట్ పెట్టాం సార్" అంటారు.

సవరణ వేస్తే దయచేసి చిన్న ప్రకటనల కింద వేయకండి. కంపోజింగ్‌లో 'బ్రెటన్' అన్న మాట దగ్గర ఎవరినైనా కాపలా పెట్టండి, ఎత్వం మళ్ళీ ఎగిరిపోతుంది.

ఇట్లు,
విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
మీ పాత చందాదారు,
కాకినాడ