గాలి నంబరు చూసి నీళ్లను మరిచిపోతున్నాం

సంపాదకులకు నమస్కారం.

మేం ఫ్లోరిడాలో, టాంపా బే ఒడ్డున పదకొండేళ్లుగా ఉంటున్నాం. ఇక్కడ జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా హరికేన్ సీజన్. అట్లాంటిక్‌లో ఎక్కడో వాయుగుండం పుట్టిందని టీవీలో రాగానే ఇండియా నుంచి ఫోన్లు మొదలవుతాయి. "అమ్మాయ్, అక్కడ తుపానట కదా, ఎన్నో కేటగిరీ?" మా పిన్ని మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే. మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులోనూ ఇదే. మీ పత్రికలో పెద్దక్షరాల్లో పడేదీ ఇదే. ఈ ఉత్తరం ఆ ప్రశ్న గురించే.

ఆ నంబరు గాలి వేగం ఒక్కదాన్నే చెబుతుంది. గంటకు 74 మైళ్లు ఉంటే 1, 157 అందుకుంటే 5. ఉప్పెన ఎంత ఎత్తు లేస్తుందో, వాన ఎంత పడుతుందో అందులో ఉండదు. ఒకప్పుడు ఆ పట్టికలో ఉప్పెన ఎత్తులు కూడా ఉండేవి. గాలికీ నీళ్లకీ పొంతన కుదరడం లేదని 2010లో వాటిని తీసేశారు. జనం మాత్రం ఇంకా ఆ నంబరు చూసే ఉండాలా వెళ్లాలా తేల్చుకుంటున్నారు. 2008లో ఐక్ హరికేన్ టెక్సస్‌లోని గాల్వెస్టన్ దగ్గర తీరం దాటినప్పుడు అది కేటగిరీ 2 మాత్రమే. ఆ పక్కనే ఉన్న బొలివార్ ద్వీపకల్పంలో ఇళ్లకు ఇళ్లే ఊడ్చుకుపోయాయి. 2012లో న్యూయార్క్ సబ్‌వే సొరంగాల్లోకి సముద్రాన్ని తెచ్చిన శాండీ, తీరం చేరేటప్పటికి లెక్క ప్రకారం హరికేనే కాదు. 1963 నుంచి 2012 దాకా అమెరికాలో తుపాన్లకు నేరుగా బలైనవాళ్లలో పదిమందికి దాదాపు తొమ్మిదిమందిని తీసుకెళ్లింది నీళ్లే.

ఇదంతా మాకు ముందే తెలుసని గొప్పలు చెప్పను. 2024 సెప్టెంబరులో హెలీన్ వచ్చినప్పుడు మా గ్రూపులో జరిగిన మాటలు ఇప్పటికీ నా ఫోన్‌లో ఉన్నాయి. మ్యాప్ మీద మధ్య గీత మాకు బాగా పడమరగా, ఉత్తరాన ఫ్లోరిడా తీరం వంపు తిరిగే బిగ్ బెండ్ వైపు పోతోంది. "మన దగ్గరికి రావడం లేదు, రిలాక్స్" అని ఒకరు. "మనది ఫ్లడ్ జోన్ ఎక్స్, టెన్షన్ వద్దు" అని ఇంకొకరు. ఆ రెండో మాటకు పదిహేను లైకులు. అందులో ఒకటి మావారిది.

ఆ రెండు మాటలూ తప్పే. మ్యాప్ మీద గరాటులా కనిపించే కోన్ తుపాను కేంద్రం ఎటు వెళ్లొచ్చో చెప్పే అంచనా. తుపాను ఎంత వెడల్పుందో, దెబ్బ ఎక్కడిదాకా తగులుతుందో అది చెప్పదు. ఇక ఫ్లడ్ జోన్ అనేది ఇన్సూరెన్స్ కోసం గీసిన హద్దు. ఇల్లు ఖాళీ చేయాలా వద్దా అని చెప్పేది ఇవాక్యుయేషన్ జోన్. అది వేరు, దానికి ఏ, బి, సి అని అక్షరాలుంటాయి. మా ఇల్లు ఇన్సూరెన్సు కాగితాల్లో ఎక్స్, అంటే ముప్పు తక్కువ. కౌంటీ మ్యాప్‌లో ఏ, అంటే అందరికంటే ముందు ఖాళీ చేయాల్సింది. కేంద్రం వందమైళ్ల దూరంగా పోతున్నా మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్ టాంపా బేకి 5 నుంచి 8 అడుగుల ఉప్పెన రావచ్చని ముందే చెప్పింది. ఆ అడుగులు మామూలుగా పొడిగా ఉండే నేల మీద నుంచి లెక్క. ఇంటి ముందు నిలబడి నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చేత్తో చూపించొచ్చు. అంత తేలికగా అర్థమయ్యే సంగతి గ్రూపులో ఒక్కరూ పెట్టలేదు.

మేం వెళ్లడానికి కారణం మా అత్తయ్య. ఇండియా నుంచి చూడటానికి వచ్చి మా దగ్గరే ఉన్నారు. మందుల సంచి, పాస్‌పోర్టు ఒళ్లో పెట్టుకుని సోఫాలో కూర్చుని "మీరు రాకపోతే నన్నొక్కదాన్నే దింపి రండి" అన్నారు. పన్నెండు మైళ్లు లోపలికి, ఒక స్నేహితురాలి ఇంటికి వెళ్లాం. రాత్రి అక్కడి నుంచి మా డోర్ కెమెరా చూస్తున్నాం. వాన లేదు. గాలి కూడా మరీ అంత లేదు. రోడ్డు పక్క డ్రైన్ జాలీలోంచి నీళ్లు బుడబుడమంటూ పైకి రావడం మొదలైంది. కాసేపటికి పక్కింటివాళ్ల కాళ్లపట్టా మా గేటు వైపు తేలుతూ వచ్చింది. ఆ తర్వాత కెమెరా ఆగిపోయింది. మర్నాడు వెళితే ఫ్రిజ్ వంటింట్లో వెల్లకిలా పడి ఉంది. గోడ మీద మోకాలెత్తున బురద గీత. ఇంటి ఇన్సూరెన్స్ వాళ్లు గాలికైతే ఇస్తాం, వరదకు ఇవ్వం అన్నారు. వరదకు విడిగా పాలసీ తీసుకోవాలట, తీసుకున్నా మామూలుగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుందట. తుపాను టీవీలో కనిపించాక కొంటే లాభం లేదన్నమాట. అద్దెకుండే మన పిల్లలకు కూడా ఇది చెప్పాలి. రెంటర్స్ పాలసీ ఉంది కదా అనుకుంటారు, వరదకు సాధారణంగా అదీ పనికిరాదు.

సరిగ్గా పదమూడు రోజులకు మిల్టన్ వచ్చింది. మెక్సికో గల్ఫ్‌లో ఉండగా కేటగిరీ 5. ఈసారి గ్రూపంతా పరుగే. పెట్రోల్ బంకుల్లో స్టాక్ అయిపోయింది, ఉత్తరానికి వెళ్లే ఐ-75 హైవే మీద కార్లు పాకుతున్నాయి. ఎత్తు మీద గట్టి ఇళ్లలో ఉన్నవాళ్లు, ఖాళీ చేయమని ఎవరూ చెప్పనివాళ్లు కూడా అట్లాంటా దారి పట్టారు. "నీటి నుంచి పారిపోండి, గాలి నుంచి దాక్కోండి" అని ఇక్కడి అధికారులు ఏటా చెబుతారు. పారిపోవడానికి వందల మైళ్లు అక్కర్లేదు, నీళ్లు రాని చోటికి చాలు. 2005లో రీటా వస్తోందని హ్యూస్టన్ మొత్తం ఒకేసారి కదిలితే, ఆ ఎండలో, ఆ ట్రాఫిక్‌లో, ఆ ప్రయాణాల్లో వందమంది దాకా పోయారు. చివరికి మిల్టన్ మాకు దక్షిణంగా, సియెస్టా కీ దగ్గర తీరం దాటింది. నేల వైపు నుంచి వీచిన గాలికి మా బేలో నీళ్లు వెనక్కి పోయాయి. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మాత్రం 18 అంగుళాలకు పైగా వాన. మర్నాడు గ్రూపులో "అనవసరంగా భయపెట్టారు" అన్నారు. నాకు భయమంతా ఆ మాటతోనే. వచ్చేసారి ఎవరు కదులుతారు?

మీ పత్రికకు నా విన్నపం చిన్నదే. హరికేన్ వార్త వేసేటప్పుడు "రాకాసి తుపాను, కేటగిరీ 4" అని శీర్షిక పెట్టండి, కాదనను. దాని కిందే ఉప్పెన ఎన్ని అడుగులు, వాన ఎన్ని అంగుళాలు అని ఒక్క లైను వేయండి. ఉప్పెన అని మనకు చక్కటి మాట ఉంది. 1977 దివిసీమ తర్వాత ఆ మాటకు అర్థం చెప్పాల్సిన పని ఏ తెలుగువాడికీ లేదు. అమెరికా వార్తల్లోకి వచ్చేసరికి అది "భారీ అలలు" అయిపోతోంది. మీ వార్త చదివేది కేవలం ఇక్కడున్న మేమే కాదు, మాకు ఫోన్ చేసి కదిలించగలిగిన అమ్మానాన్నలు కూడా.

ఈ సీజన్ మొదట్లో మా గ్రూపులో అందరినీ తమ ఇవాక్యుయేషన్ జోన్ అక్షరం పెట్టమని అడిగాను. నలభై కుటుంబాల్లో ఇప్పటికి పదిహేడు మంది పెట్టారు. పిన్నికి కూడా మాది చెప్పాను. మొన్న గల్ఫ్‌లో అల్పపీడనం అని ఎక్కడో విని ఫోన్ చేసింది. "ఎన్నో కేట..." అని ఆగి, "మీది ఏ కదా, ఎవరింటికి వెళ్తున్నారు?" అంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు
టాంపా బే, ఫ్లోరిడా