వరద తగ్గాకే మా గట్టు విరుగుతుంది

సంపాదకుల వారికి నమస్కారం.

వరద వచ్చినప్పుడు పత్రికల్లో మా ఫొటోలు పడతాయి. అధికారులు వచ్చి పంట నష్టం రాసుకుంటారు. నీళ్లు తీశాక ఎవరూ రారు. ఏటి ఒడ్డున పొలం ఉన్న మాకు అసలు టెన్షన్ మొదలయ్యేది అప్పుడే.

ఏరు నిండుగా ఉన్నన్నాళ్లూ ఆ నీళ్లే గట్టుకు ఆసరా. వరద గబగబా తగ్గితే ఆ ఆసరా పోతుంది. మట్టి నానిపోయి బరువెక్కి ఉంటుంది. అడుగున ఇసుక పొరను ప్రవాహం అప్పటికే తొలిచేసి ఉంటుంది. ముందు గట్టుకు రెండు మూడడుగుల లోపల సన్నటి నెర్రె కనిపిస్తుంది, వేలు పట్టేంత. మర్నాటికి అందులో పాదం దిగుతుంది. ఆ తర్వాత పెద్ద చెట్టు కూలినట్టు చప్పుడు. నాకు నిరుడు అర ఎకరం అలాగే పోయింది. అంతకుముందు ఎండాకాలంలో వేయించిన బోరు పైపు ఇప్పుడు నీళ్లలో నిలబడి ఉంది. పొద్దున్నే ఒడ్డుకు వెళ్తే కళ్లు ముందు దాని మీదికే పోతాయి.

పంట పోతే మళ్లీ ఏడాది వేసుకుంటాం. భూమే పోతే ఎక్కడ వేసుకోవాలి? కాగితాల్లో ఆ అర ఎకరం అలాగే ఉంది, దాని మీద తెచ్చిన అప్పూ ఉంది. పక్క పొలం చేసే కౌలు రైతుకు చూపించడానికి ఆ కాగితం కూడా లేదు. రేవు జారిపోయి పడవ కట్టుకునే చోటు లేక చేపలు పట్టేవాళ్లు కూడా ఇబ్బంది పడుతున్నారు.

15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన నివేదికలో నదీకోత నివారణకు, కోత వల్ల నిర్వాసితులైన వారి పునరావాసానికి నిధులు సిఫారసు చేసింది. కాబట్టి ఈ బాధ పైవాళ్లకు తెలియనిదేం కాదు. నేను అడిగేదల్లా నీళ్లు పూర్తిగా తీశాక ఇంకోసారి వచ్చి కొలవమని. పోయిన భూమిని పోయిందని రాయమని. గట్టు దగ్గర ఇసుక తవ్వకం ఆపాలి. రాళ్లు పేర్చేటప్పుడు పైన వాలు మీద పరిచి ఊరుకోకుండా గట్టు మొదట్లో, నీటి అడుగున కూడా వేయాలి. వట్టివేరు నాటమంటున్నారు, మంచిదే. పైమట్టిని పట్టుకుంటుంది. కానీ అడుగు తొలిచేస్తుంటే వేళ్లు ఎంతకని ఆపుతాయి?

ఈ వారం మళ్లీ నీళ్లు తీస్తున్నాయి. గట్టుకు ఐదడుగుల లోపల కొత్త నెర్రె వచ్చింది. మా అబ్బాయి దానికి అటొకటి ఇటొకటి పుల్లలు పాతి రోజూ కొలుస్తున్నాడు. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య బెత్తెడు పెరిగింది.

– ఒక ఏటి ఒడ్డు రైతు